మూత పెట్టిన పెన్ను

మా తమ్ముడి కూతురు మూడోసారి పరీక్ష రాసి పరిశోధనలో సీటు తెచ్చుకుంది. రెండువందల మంది రాస్తే నలుగురికి వచ్చింది. ఆ నలుగురిలో పల్లెటూరి బడిలో అక్షరాలు దిద్దింది ఇదొక్కతే. అదే బడిలో ఐదో తరగతితో ఆపేసినవాణ్ణి నేను. ఆ రోజు నుంచే దాన్ని డాక్టరుగారూ అని పిలవడం మొదలుపెట్టాను.

నిలవ గింజల్లో ముక్కుపురుగు ఎన్నాళ్లు బతుకుతుందో, దాన్ని ఎలా ఆపాలో తేల్చడం దాని పని. మూడేళ్లలో అయిపోతుందన్నారు. మొదటి ఏడాది గాజుసీసాలు కడగడంతోనే సరిపోయింది. రెండో ఏడాది, పరిశోధన చేయించాల్సిన గైడుగారి బదులు జవాబుపత్రాలు దిద్దింది, ఆయన కారుకు రిపేరు చేయించుకొచ్చింది.

"నీకన్నా పురుగులు నయం. నెల తిరిగేసరికి వాటి పని అవి ముగిస్తాయి," అనేవారాయన అందరి ముందూ. అందరూ నవ్వేవారు. నవ్వకపోతే వాళ్ల కాగితాల మీద ఆయన సంతకాలు ఆగుతాయి మరి.

మా పిల్ల వెనక్కి తగ్గే రకం కాదు. నూటఇరవై సీసాలు. ప్రతి సోమవారం ఒక్కోదాంట్లో బతికినవెన్నో, చచ్చినవెన్నో లెక్కపెట్టాలి. జ్వరంతోనూ లెక్కపెట్టింది. మా తమ్ముడు ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా వచ్చి లెక్కపెట్టి వెళ్లింది. ఐదు వ్యాసాలు రాసింది. ఐదూ అచ్చయ్యాయి, గైడుగారి పేరు ముందు, దాని పేరు చివర. రెండింటిలో చివర కూడా లేదు.

ఏడో ఏట సిద్ధాంతగ్రంథం పూర్తయింది. గైడు సంతకం ఒక్కటే మిగిలింది. అది పడకపోతే ఏడేళ్లూ గాల్లో కలిసినట్టే. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని నేనూ వెంట వెళ్లాను.

గైడుగారు మర్యాదగా కుర్చీ చూపించి, పెన్ను మూత తీశారు.

"ఈ అమ్మాయికి మీరేమవుతారు?"

"పెదనాన్ననండి." అంతటితో ఊరుకుంటే బాగుండేది. "మా పిల్ల సామాన్యురాలు కాదండీ. మీ పేరు మీద వచ్చిన ఐదు వ్యాసాలూ ఇదే రాసిందట కదండీ. మా వీధంతా చెప్పాను."

"వీధంతా చెప్పారా," అన్నారాయన మెల్లగా. పెన్నుకు మూత పెట్టేశారు.

"మూడో అధ్యాయం మీద నాకు నమ్మకం కుదరడం లేదమ్మా. ఆ లెక్కలు మొదటి నుంచి మళ్లీ చెయ్యి. ఇక్కడి సీసాలు కొత్తవాళ్లకిచ్చేశాను, ధాన్యం గిడ్డంగిలో చోటు చూసుకో."

"అది పదహారు నెలల పని సార్."

"ఏడేళ్లు చేశావు, ఇదో లెక్కా?" నావైపు తిరిగారు. "పెదనాన్నగారూ, ఇది కూడా మీ వీధిలో చెప్పండి."

తిరుగు బస్సులో ఇద్దరికీ టిక్కెట్లు అదే తీసింది.

"తిట్టవే నన్ను," అన్నాను.

"తిడితే పదహారు నెలలు తగ్గుతాయా పెదనాన్నా? ఎవరు రాశారో ఆయనకి ముందే తెలుసు. నీకూ తెలుసని ఇవాళ తెలిసింది, అంతే." కిటికీలోంచి చూస్తూ అంది, "ఒక్క సాయం చెయ్యి. తిరిగొచ్చేదాకా నన్ను డాక్టరుగారూ అనకు."

నిన్న పొద్దున కొత్త సీసాల పెట్టెలతో గిడ్డంగికి వెళ్లింది. గోనెసంచుల మధ్య ఒక గది, ఒక మంచం ఇచ్చారట. ఒక్క సోమవారం తప్పినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది కనుక మధ్యలో రాదు. వచ్చే ఏడాది నవంబరు పద్దెనిమిదిన వస్తుంది.