గొర్రెల కత్తెరతో పక్షి రెక్కలు కత్తిరించిన

మధ్యాహ్నం అన్నం తింటుంటే పంజరంల ధప్పుమని చప్పుడైంది. లేచి చూస్తే మా పక్షి దారం, పై కట్టె మీదికెల్లి జారి అడుగు రేకు మీద బోర్లా పడి ఉన్నది. నోరు తెరిచి ఊపిరి తీస్తాంది. లేచి మళ్లీ ఎక్కింది, మళ్లీ పడ్డది. మూడోసారి పడ్డంక రేకు మీద ఎర్రటి చుక్కలు కనబడ్డయి. అన్నం పళ్లెం అక్కడ్నే ఉండిపోయింది.

దారం ఆకుపచ్చది. దాని జత నీలిరంగుది, పేరు గుండీ. నా భార్య బాలమణి ఇంట్ల మిషన్ కుడుతది, పేర్లు ఆమె పెట్టినవే. అమ్మినాయన లవ్ బర్డ్స్ అని చెప్పి ఇచ్చిండు. వాటిని బడ్జీలంటరని తర్వాత డాక్టర్ చెప్తేనే తెలిసింది. మాది మక్తల్. ఇంట్ల మేమిద్దరం, అవి రెండు. మిషన్ తిరిగినంతసేపు అవి కిచకిచ ఒర్లుతుండె, మిషన్ ఆగితే అవీ ఆగుతుండె.

వారం కింద గుండీ తలుపు సందుల నుంచి ఎగిరిపోయి కరెంటు తీగ మీద కూసున్నది. బాలమణి కొర్రల గిన్నె పట్టుకొని గంటసేపు బతిమాలితే దిగొచ్చింది.

"ఏదన్న జెయ్యయ్యా. ఈసారి పోతే రాదు" అన్నది.

తలుపుకు ఇనుప తీగల జాలి కొట్టమని ఆమె మాట. నాకు కత్తెర యాదికొచ్చింది.

మాది గొర్లు కాసిన ఇల్లు. చిన్నప్పటి నుంచి మా బాపు పక్కన కూసొని ఉన్ని కత్తిరించినోణ్ణి. మా పనిల కత్తెర తోలుకు ఎంత ఆనుకొని పోతే అంత పనిమంతుడు. యాడన్న తోలు తెగితే పురుగు పట్టకుండ, పొగాకు నూరి వేపనూనెల కలిపిన మందు పూసి గొర్రెను ఇడిచిపెడ్తం. నెలలు తిరిగేసరికి ఉన్ని మళ్లొస్తది. ఈక గూడ గంతే అనుకున్న.

దారం కింద పడ్డ రోజు పొద్దున, బాలమణి సంతకు పోయినంక రెండింటినీ పట్టి, రెండు దిక్కుల రెక్కలు తోలుదాక కత్తిరించిన. కొన్ని ఈకల మొదట్ల రక్తం ఊరింది. గొర్ల మందు పూసి పంజరంల ఇడిచి, చేతులు కడుక్కొని అన్నానికి కూసున్న.

బాలమణి వచ్చి పంజరం ముందు సంచి కింద పెట్టింది.

"ఎవరు చేసిండ్రు గిట్ల?"

నాకు కథలు చెప్పుడు కొత్త కాదు. "హైదరాబాద్ నుంచి పక్షుల మనిషి వచ్చిండు. నవాబుల ఇండ్లల్ల చిలుకలకు ఆయననే పిలుస్తరట. చెవులకు పోగులు, సంకల తోలుపెట్టె. నేనే బతిమాలి కత్తిరిపిచ్చిన" అన్న.

"గంత పెద్ద మనిషికి మక్తల్ల మన గల్లే దొరికిందా?"

"రాయచూర్ బస్సు తప్పిందట."

మా గల్లీల నా మాట ఎవరు విన్నా సగం తీసేసే వింటరు. ఆమె ఎంత తీసేసిందో తెల్వదు గని, రేకు మీది రక్తం తుడిచింది.

సాయంత్రానికి కూడ రక్తం ఆగలే. మా ఊరి పశువుల దవాఖాన సారు రెండు పక్షులను చేతుల పట్టుకొని చూసిండు. "బర్రెను, గొర్రెను నేను జూస్త. వీటిని పాలమూరు తీస్కపోండి" అని పక్షులు చూసే మేడం జాడ చెప్పిండు. తెల్లారి మొదటి బస్సుకు అట్టపెట్టెల పెట్టుకొని పోయినం.

మేడం దారం రెక్క విప్పి లైటు కింద పట్టింది.

"ఇది బ్లడ్ ఫెదర్. పెరుగుతున్న ఈక. లోపల రక్తం పారుతుంటది. మొదలుదాక కోసిండ్రు కాబట్టి ఆగుతలేదు. బ్యాలెన్స్ లేక రాయిలెక్క పడుతున్నది, కీల్ బోన్, అంటే రొమ్ము ఎముక, దాని మీద తోలు చీలింది. ఎవరు కత్తిరించిండ్రు?"

పక్షుల మనిషి కథ మళ్లీ చెప్పిన. ఈసారి చెవుల పోగులు బంగారంవి అయినయి.

మేడం వాసన చూసింది. "వేపనూనె వాసన వస్తున్నది. ఏమన్నా పూసిండా ఆయన?"

బాలమణి నా పక్కనే నిలబడ్డది. "లేదు మేడం. దోమలకు ఇంట్ల వేపాకు పొగ ఏసినం, గా వాసన" అన్న.

మేడం రక్తం కారే ఈక మొదళ్లను ఫోర్‌సెప్స్‌తో పీకేసింది. పీకినప్పుడల్ల దారం ఒర్లింది. గుండీ ఒర్లనే లేదు. రక్తం ఆగడానికి పౌడర్ అద్ది, పెయిన్ కిల్లర్ డ్రాప్స్ ఇచ్చి పంపింది.

ఇంటికొచ్చినంక గుండీ తిన్న కొర్రలు కక్కింది. మెడ అదురుతాంది. డ్రాప్స్ వేసినం. బాలమణి దాన్ని అరచేతుల పెట్టుకొని ఊపిరి ఊదుతనే ఉన్నది. తెల్లారేసరికి పంజరం మూలల కాళ్లు ముడుచుకొని కట్టెలెక్క ఉన్నది. దాని పక్కన దారం వణుకుతాంది.

"గా డ్రాప్స్ పడలేదేమో. మేడంకు ఫోన్ జెయ్యి. ఇదన్న ఉండాలె" అన్నది బాలమణి. ఫోన్ స్పీకర్‌ల పెట్టిన.

"వాంతి, వణుకుడు... ఇది రక్తం పోయినందుకు కాదు, డ్రాప్స్‌కు కాదు. ఏదో విషం తగిలింది. ఆ కత్తిరించినాయన నంబర్ ఇయ్యండి. ఏం వాడిండో నేనే అడుగుత."

ఆయన దుబాయ్ పోయిండని చెప్పే మాట నిజంగ నా నాలుక చివరిదాక వచ్చింది. బాలమణి చెయ్యి పెట్టేసరికి దారం ఆమె అరచేతుల ఒరిగిపోయింది.

"ఆయన ఎవరు లేరు మేడం. కత్తిరించింది నేనే. గొర్రెలకు పూసే మందు పూసిన. పొగాకు, వేపనూనె."

మేడం అన్నది:

"పక్షి ముక్కుతో ఈకలు సాపు చేసుకుంటది. మొన్నటి నుంచి అదంతా మింగుతున్నది. నేను నిన్న అడిగిన కదా."

"అడిగిండ్రు మేడం."

"గోరువెచ్చటి నీళ్లు, చంటిపిల్లల సబ్బు. కండ్లకు, ముక్కుకు తగలకుండ కడిగి, ఆరబెట్టి, వెచ్చగ చుట్టుకొని వెంటనే రండి."

బాలమణి "నీళ్లు పెట్టు" అన్నది, అంతే. బస్సుల దారాన్ని కొంగుల పెట్టుకొని కిటికీ దిక్కు కూసున్నది. దేవరకద్ర దాటినంక, నా దిక్కు చూడకుండనే అన్నది:

"చెప్తే గుండీని గూడ నిన్ననే కడిగేటోళ్లం."

 

మేడం దారాన్ని రెండు రోజులు దవాఖానల ఉంచుకున్నది. తోలు కింద సెలైన్ ఎక్కిచ్చింది, బల్బు పెట్టెల వెచ్చగ పెట్టింది. "బతుకుతదని చెప్పలేను" అని మొదటి రోజు అన్నది. రెండో రోజు దారం నాలుగు కొర్రలు తిన్నది. "ఇప్పుడు తీస్కపోండి. రెక్కలు మాత్రం తొందరగ రావు" అన్నది.

ఇంట్ల పంజరం మార్చినం. కట్టెను రెండు వేళ్ల ఎత్తుకు దించినం. బాలమణి బ్లౌజు పీలికలు మడతలు కుట్టి అడుగున మెత్తగ పరిచింది. రోజు కీల్ బోన్ మీద చీలిన తోలు కడిగి ఆయింట్‌మెంట్ పెట్టుడు నా పని. చేతుల పట్టుకుంటే దాని గుండె నా బొటనవేలికి కొట్టుకుంటుండె. మిషన్ తిరిగినా అది ఒర్లుత లేకుండె.

నాలుగో నెల కొత్త ఈకలు మొలిచినయి. సంబరపడ్డం. వారం తిరగకముందే కట్టెకు తాకి రెండు విరిగినయి, మళ్లీ రక్తం, మళ్లీ పాలమూరు. "పాత ఈకలుంటే కొత్తవాటికి ఆసరా. ఇక్కడ ఒక్కటి లేదు. ఒంటరిగ వచ్చింది వచ్చినట్టే విరుగుతది. ఓపిక పట్టండి" అన్నది మేడం. అట్ల ఇంకో రెండుసార్లు అయ్యింది. మూడోసారి బాలమణి పంజరం బట్ట కప్పి, "ఇగ దీన్ని తకలీఫ్ పెట్టొద్దేమో" అన్నది. అయినా తెల్లారి బస్సుకు తయారై తనే ముందల నడిచింది.

ఏడాది మీద గడిచింది. ఎడమ రెక్క నిండింది. కుడి రెక్కల రెండు ఈకలు మొలవలే, ఇగ మొలవవట. ఇప్పుడు దారం మిషన్ మీదికెల్లి కిటికీదాక ఎగురుతది. ఆరడుగులు. టేపుతో కొలిచిన, ఎక్కువ చెప్తలేను. దిగేటప్పుడు ఒక దిక్కు ఒరుగుతది. బాలమణి భుజం మీద వాలుతది, నా చెయ్యి చాపితే ఎనుకకు జరుగుతది. తలుపుకు జాలి కొట్టిన.

నా లెక్క చేతిల పనితనం ఉన్నదని నమ్మేటోళ్లు చానమంది ఉంటరు. మీకు ఒకటే చెప్త. పక్షిని గానీ మనిషిని గానీ దవాఖానకు తీస్కపోతే, ఇంట్ల ఏం పూసినం, ఏం తాగిచ్చినం, ఎవరు చేసినం అన్నది డాక్టర్ అడగకముందే చెప్పుండ్రి. ఇంటోళ్ల ముందల నోరు రాకుంటే, పూసిన మందు డబ్బను సంచిల ఏస్కపోయి డాక్టర్ టేబుల్ మీద పెట్టుండ్రి. చాలు.