శకుంతల టీచర్ ముందరి గది

వీధిలో టెంటు సామాను దించుతున్న చప్పుడు వింటే చాలు, పెళ్లో చావో చెప్పగలను. పెళ్లికైతే దించేవాళ్లు ఒకరినొకరు కేకలేసుకుంటారు. చావుకైతే ఇనుప గొట్టాలు రోడ్డుకు తగిలే చప్పుడు తప్ప మరేం వినపడదు. నిన్న పొద్దున నల్లకుంటలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల వినపడింది ఆ రెండోది. వెళ్లి చూస్తే ఒక అపార్ట్‌మెంటు గేటు బయట, కాల్వ పక్కన, ఫ్రీజర్ బాక్సులో ఒక పెద్దాయన ఉన్నాడు. ఏళ్ల తరబడి ఆ ఇంట్లోనే కిరాయికి ఉన్నారట. ఆసుపత్రిలో పోతే, ఇంటి ఓనరు శవాన్ని గేటు లోపలికి రానివ్వలేదు. పోయినాయన కూతురు చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీద నిలబడి, వచ్చీపోయే స్కూటర్లకు పక్కకు జరుగుతోంది. మా ఇంటికి తీసుకురమ్మన్నాను. అప్పటికే శ్మశానానికి బయల్దేరే వేళయిందన్నారు. నాకు ఏడుపు కంటే ముందు ఒళ్లు మండింది. ఇంటికొచ్చి కూర్చున్నాక శకుంతల టీచర్ గుర్తొచ్చింది.

సొంతిల్లున్న వాళ్లకు ఈ సంగతి అంతగా తెలియదు. ఈ నగరంలో కిరాయి ఇల్లంటే బతికినన్నాళ్లకే. మనిషి పోయేలా ఉన్నాడంటే చాలు, ఇల్లు ఖాళీ చేయమంటారు. పోయాక పదకొండో రోజు దాకా ఆ కుటుంబం ఎక్కడ తలదాచుకోవాలో ఎవరూ చెప్పరు.

నేను సూర్యాపేట దగ్గర పల్లెటూరి నుంచి గ్రూప్స్ పరీక్షల కోసం అశోక్‌నగర్ వచ్చింది 2010లో. లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. నాకు లెక్కలంటే చచ్చేంత భయం. చిక్కడపల్లిలో ఒక రిటైరైన లెక్కల టీచరు సాయంత్రాలు వరండాలో అర్థమెటిక్ చెబుతుందని తోటి అమ్మాయి తీసుకెళ్లింది. సన్నగా, పొడుగ్గా, చేతిలో చెక్క స్కేలుతో ఉండేది శకుంతల టీచర్. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఉద్యోగాలకు తయారవుతున్న మీసాలొచ్చిన మగపిల్లలను కూడా ఆ స్కేలుతో వేళ్ల మీద కొట్టేది. "అడిగింది ఏందో చదువకుండనే జవాబు రాసుడేంది? నీకు సర్కారు కొలువిస్తే అర్జీ చదువకుండనే సంతకం పెడ్తవు" అనేది. మేమందరం నవ్వేవాళ్లం, దెబ్బ తిన్నవాడు కూడా.

ఆ ఇంట్లో వీధి వైపు ఒక గది ఉండేది. మంచం, ఫ్యాను, మంచినీళ్ల కుండ, అంతే. లోపలి నుంచి కాక నేరుగా వీధిలోకే దానికో తలుపు. ఎప్పుడూ ఖాళీగా కనిపించే ఆ గది ఎవరిదని ఒకరోజు అడిగాను.

"కిరాయి ఇంట్ల సావొస్తే జాగ దొరకనోళ్లది" అంది మామూలుగా, కరివేపాకు దూస్తూ. "మేము లోయర్ ట్యాంక్ బండ్ దిక్కు కిరాయికి ఉన్నప్పుడు మా అత్త పోయింది. ఓనరు లోపట్కి రానియ్యలె. వానకాలం. రోడ్డు మీద ప్లాస్టిక్ కవరు కప్పి పడుకోబెట్టినం. నాతోని కొట్లాడని రోజు లేదు ఆమె. అయినా ఆమె మీద వాన పడుతుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలె. అందుకే ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు మేస్త్రికి అన్నిటికంటే ముందు ఈ తలుపు పెట్టుమని చెప్పిన. వచ్చెటోళ్లు ఎవ్వరినీ బతిమాలొద్దు."

ఆ తలుపు వల్ల పై అంతస్తులో కిరాయికున్న కుటుంబాలు ఒక్కొక్కటే ఖాళీ చేసి పోయాయి. సావుల ఇల్లని పేరు పడింది. టీచర్ ఏమీ దిగులుపడలేదు, పైన గదులన్నీ పరీక్షలకు చదివే పిల్లలకు ఇచ్చేసింది. "పెండ్లి కానోళ్లను, పాణం పోయెటోళ్లను ఈ ఊళ్లె ఎవ్వరు రానియ్యరు. ఇద్దర్నీ నేనే పెట్టుకున్న" అని తన మీద తనే నవ్వుకునేది.

ఒకసారి ఆమెతో కలిసి కూరగాయలకు నారాయణగూడ వెళ్లాను. ఫ్లైఓవర్ కింద ఒకావిడ సూట్‌కేసు పక్కన పెట్టుకుని, చిన్న అద్దంలో చూసుకుంటూ శ్రద్ధగా జడ వేసుకుంటోంది. టీచర్ ఆగి పలకరించి, సంచిలోంచి అరటిపళ్లు తీసిచ్చింది. దారిలో టీచర్ ఆమె కథ చెప్పింది. హిమాయత్‌నగర్‌లో కాపురం. భర్త డ్రైవరు. ప్రమాదంలో కాలు పోయింది, దాంతో పని పోయింది, ఆ వెనకే ఇల్లు పోయింది. తమ్ముడి ఇంటికెళ్తే మరదలు కొన్నాళ్లు ఓర్చుకుంది. భర్త పోయాక అదీ లేదు.

"రోడ్డు మీదికి ఎవ్వరు ఒక్కసారే రారు బిడ్డా" అంది టీచర్. "ఒక్కొక్క తలుపు మూసుకుంట వస్తది. ఆఖరి తలుపు మూసినోడు పాపాత్ముడు అంటం. మనం తలా ఒకటి మూసినం, అది యాదికుండదు. సర్కారు షెల్టర్లు కట్టాలె, కట్టకుంటే అడగాలె. కని ఆ మధ్యల ఏదో ఒక తలుపు కాడ ఎవరన్న చెయ్యి అడ్డం పెడ్తే ఆమె ఈడ దాకా రాకపోతుండె."

ఆ మాట నాకు పుస్తకంలో వాక్యంలా వినపడింది ఆ రోజు. 2012లో అమ్మకు కడుపులో క్యాన్సర్ అని తేలేదాకా అంతే. నాన్న పోయాక ఊళ్లో ఇల్లు పాలివాళ్ల పంపకాల్లో పోయింది. అందుకే వైద్యానికి అమ్మను ఇక్కడికే తీసుకొచ్చి, హాస్టల్ వదిలేసి, చిక్కడపల్లిలోనే ఒక గది కిరాయికి తీసుకున్నాను. కొన్ని నెలలకు డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇక మందులు పనిచేయవు, ఇంటికి తీసుకెళ్లి చూసుకోండి అన్నాడు. ఏ ఇంటికి అని అడగలేకపోయాను.

మరునాడే మా ఓనరు వచ్చి గుమ్మం బయట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మంచి మనిషి, అమ్మకు పెరుగు పంపేవాడు. "తప్పుగ అనుకోకు బిడ్డా. మా కోడలు కడుపుతోని ఉన్నది. ఇంట్లోళ్లందరు పరేషాన్ అయితున్రు. వేరే జాగ చూసుకోండ్రి" అన్నాడు. ఆయన్ను తిట్టుకోవడానికి కూడా నాకు మనసు రాలేదు. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. వినపడిందని నాకు తెలుసు.

నేను క్లాసుకు రావడం లేదని టీచర్ వెతుక్కుంటూ వచ్చింది. విషయమంతా చెప్పాను. అమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని, "చెల్లె, లే. మా ఇంటికి పోదాం" అంది.

ముందరి గదిలోకి వచ్చాక అమ్మ అందరూ అనుకున్నదానికంటే ఎక్కువ రోజులే బతికింది. అదే ఆమెకు సిగ్గయిపోయింది. "ఇంక పోతలేను అక్కా. మీ గది పట్టుకొని కూసున్న" అంది ఒకరోజు.

చిక్కుడుకాయలు తుంచుతున్న టీచర్ తల కూడా ఎత్తలేదు. "తొందరేమున్నది? గది యాడికి పోదు" అంది. అమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో నాకు గుర్తు లేదు.

ఒక మధ్యాహ్నం, పైన పిల్లలు రాజ్యాంగం బట్టీ పడుతుండగా, అమ్మ పోయింది. పంచాంగం చూసిన పంతులు గారి ముఖం మారింది. ధనిష్ఠా పంచకం అన్నాడు. ఆ నక్షత్రాల్లో ప్రాణం పోయిన ఇంటిని ఆర్నెల్లు విడిచిపెట్టి తాళం వేయాలని మా వైపు గట్టి నమ్మకం. టీచర్ నాస్తికురాలేం కాదు. రాహుకాలంలో గడప దాటని మనిషి. పైనుంచి దిగొచ్చిన పిల్లలు మెట్ల మీదే నిలబడిపోయారు.

"టీచర్, అమ్మను బయట పడుకోబెడదాం. ప్రాణం బయటనే పోయిందని చెబుదాం" అన్నాను. అన్నాక నా గొంతు నాకే అసహ్యమనిపించింది.

ఆమె దేవుడి గదిలోకి వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చాక పంతులు గారి ముందు నిలబడింది. "నాకు భయమైతున్నది పంతులు గారు, అబద్ధమెందుకు. కని నేను తాళమేస్తే ఈ పిల్లలను ఎవరు రానిస్తరు? శాంతి ఏదన్న ఉంటే చెప్పుండ్రి, చేయిస్త. తాళం మాత్రం వెయ్య." తర్వాత నా వైపు తిరిగింది. "మీ అమ్మ నా ఇంట్లనే పోయింది. బయట పోయిందని ఎవరితోని అనకు."

శాంతి చేయించింది. అయినా భయం పోలేదు. రోజూ ఆ గదిలో దీపం పెట్టేది, గిన్నె కిందపడినా ఉలిక్కిపడేది. కొన్ని వారాలకు బాత్రూంలో జారి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. చెప్తే విన్నదా అంది వీధంతా. ఆమెకూ అలాగే అనిపించిందని నాతో ఒప్పుకుంది. ఆ కట్టు విప్పకముందే ఆంబులెన్సులో ఒక తండ్రిని పెట్టుకుని ఎటు పోవాలో తెలియక ఒక కుటుంబం వచ్చింది. టీచర్ ఎడమ చేత్తో గడియ తీయలేక నన్ను పిలిచింది. ఆమె లోలోపల స్తోత్రమేదో గొణుక్కుంటోంది. ఇద్దరం కలిసి తీశాం. ధైర్యమంటే భయం లేకపోవడమని అంతవరకూ అనుకునేదాన్ని.

2014లో టీచర్ పోయింది. నాకు అప్పటికి ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు నల్లకుంటలో చిన్న సొంతిల్లు, పైన కిరాయికిచ్చే పోర్షన్ ఉన్నాయి. గదులు చూడటానికి వచ్చినవాళ్లకు నీళ్లు, కరెంటు సంగతి కంటే ముందే ఒక మాట చెబుతాను. "మా ఇంట్లో జబ్బు చేయొచ్చు, ప్రాణం పోవచ్చు. ఖాళీ చేయమని అడగం." చెప్పే ప్రతిసారీ నాకు భయమేస్తుంది. కొందరు ఇంట్లో దిగకముందే అశుభం పలికానని లేచి వెళ్లిపోతారు. పోయిన నెల ఒకాయన వచ్చాడు. నా మాట పూర్తిగా విన్నాడు. కిరాయి ఎంతని అడగలేదు, పైకెక్కి గదులు చూడలేదు. వీధిలో ఆగి ఉన్న ఆటో దగ్గరికి వెళ్లి, లోపలికి వంగి, "అమ్మా, దిగు" అన్నాడు.