ఇటుక బట్టీలో ఫల్లీ అడిగిన ప్రశ్నలు

ఇటుకల యంత్రం కుడిచేతిని మోచేతి దాకా నమిలేశాక కూడా ఫల్లీ కంబోడియా రాజధాని నాంపెన్ శివార్లలోని ఆ బట్టీని వదల్లేదు. కూలీల గాయాలపై పరిశోధన చేస్తున్న విశ్వవిద్యాలయం వాళ్లు, తోటివాళ్లను అడిగి వివరాలు రికార్డు చేసే పని ఆమెకిచ్చారు.

మూడోరోజే మేస్త్రీ వుత్తా ఆమెను జుట్టు పట్టి బురదలోకి ఈడ్చాడు. రికార్డరును కాలితో నలిపి, పారకర్రతో పక్కటెముకలు విరిగేలా కొట్టాడు.

"ఒంటిచేతిదానివి, నీకెందుకే ఈ చదువులు?"

ఫల్లీ నెత్తురు ఉమ్మింది. "చెయ్యెలా పోతుందో నాకంటే ఎవడికి తెలుసురా?"

బట్టీలోని ఆడవాళ్లు ఇటుకలు పట్టుకొచ్చారు. మొదటి ఇటుకకే వుత్తా నుదురు చిట్లింది. రెండోది తగలకముందే పారిపోయాడు.

మర్నాడు ఆ ఆడవాళ్లంతా ఫల్లీని చేర్చిన ఆస్పత్రికొచ్చి, తెగిన వేళ్లు చూపిస్తూ ఆమె మంచం చుట్టూ మూగారు.

"ఒక్కొక్కరే చెప్పండక్కా. నన్ను మాత్రం నవ్వించకండి, పక్కటెముకలు నొప్పెడతాయి," అంది ఫల్లీ.