వట్టి బుట్ట ఇయ్యని అవ్వ

కొల్లాపూర్ సంతల వెదురుబుట్టలు అమ్మే చెంచు అవ్వ ఎవ్వరి చేతిలనూ వట్టి బుట్ట పెట్టకపోయేది. ఒళ్లె ఉన్న మూటల చెయ్యి పెట్టి, ఇన్ని రేగుపండ్లు తీసి బుట్టల ఏసి, అప్పుడు రెండు చేతులతోని అందిచ్చేది.

"ఇదేందవ్వా?" అని అడిగితే, "వట్టిది ఇస్తే తీస్కపోయినోళ్ల ఇల్లు వట్టిగైతది బిడ్డా" అన్నది.

పోయినేడు క్రిస్మస్‌కు మా బడి టీచర్లకు ఇద్దామని నేను, మా అక్క ఆమె దగ్గర బుట్టలు కొన్నం. అడవిల ఉండేటోళ్లు చేత్తోని అల్లినయని అందరికి గొప్పగ చెప్పుకోవాలని నాకు మస్తు ఆశ. బస్టాండుకు వచ్చినంక అక్క బుట్ట బోర్లిచ్చింది.

"పురుగులుంటయే. మరకలైతే ఎవరికిస్తం?" అన్నది.

నేను గూడ నా చేతిల బుట్ట దులిపిన. పండ్లు మట్టిల దొర్లినయి.

తలెత్తితే ఎదురుంగ అవ్వ. తన ఊరి బస్సు కోసం వచ్చినట్టుంది. కింద కూసొని, ఒక పండు కొంగుతోని తుడిచి కొరికి చూసింది.

"పుల్లగున్నయా బిడ్డా? నాకు తెల్వకపాయె" అని, తప్పు తనదే అయినట్టు తల దించుకున్నది. మూట ఇప్పి, మెత్తటి పండ్లు ఏరి ఏరి మా బుట్టలన్నిట్ల పోసింది.

ఖాళీ అయిన మూటగుడ్డ దులిపి భుజానేసుకొని, వట్టి చేతులతోని ఆమె బస్సెక్కింది.