ఓడ వెళ్ళిన రోజు ఉతికిన చొక్కా

మా కార్న్‌వాల్ రేవులో ఓడ బయలుదేరిన రోజు ఆడవాళ్ళు బట్టలు ఉతకరు. ఉతికితే ఓడెక్కిన మనిషిని సముద్రం ఈడ్చుకుపోతుందని నమ్మకం. టాంసిన్ ముసలమ్మ ఆ తప్పు చేసింది. కొడుకు జోరీ యుద్ధనౌక ఎక్కిన పొద్దునే వాడి మాసిన చొక్కా ఉతికి ఆరేసింది. తుఫానులో పడవతో సహా తప్పిపోయిన తొమ్మిది మందిలో ఒకడైన జోరీ తిరిగి రాలేదు. ఇరవై ఏళ్ళపాటు ఆ తల్లి తన చేతులకేసి చూసుకుని ఏడ్చేది.

ఆ నౌకకు అధికారి హ్యూ ట్రెగెన్నా. యుద్ధం ముగిశాక సగం జీతమిచ్చి ఇంటికి పంపేస్తే, నా తెరచాపల కొట్టు మేడ మీద అద్దెకు దిగాడు. లండన్ రచయిత ఎవరో వచ్చి, వారం రోజులు తాగించి, కథలు రాబట్టుకుని నవల రాశాడు. అందులో వీరుడు తుఫానులో ఓడను వెనక్కి తిప్పి, పడవలో చిక్కుకున్న తొమ్మిది మందినీ కాపాడతాడు. ఊరంతా ఆ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకుంది. పాదిరిగారు చదువుతుంటే టాంసిన్ కూడా వింది. మర్నాడే మేడ మెట్లెక్కింది.

"బాబూ, మావాణ్ణి ఏ రేవులో దించావు?"

"చాలా... దూరంలోనమ్మా," అన్నాడాయన.

జోరీ బతికి లేడని ఒక రాత్రి తాగిన మత్తులో నాతో ఒప్పుకున్నవాడే. పిరికి సన్నాసి అని తిట్టుకున్నాను. అప్పట్నుంచి ప్రతి శనివారం ఆమె ఉప్పుచేపల పొట్లంతో రావడం, అదే అడగడం. ఆయన ఆ చేపలు ముట్టలేక మా పిల్లికి పడేసేవాడు.

"ఉన్నమాట చెప్పెయ్యండి అయ్యా," అన్నాను.

"చెప్తే ముసల్ది చస్తుంది, పెరాన్."

"చెప్పకపోతే మీరు చచ్చేలా ఉన్నారు."

రెండేళ్ళు ఇలాగే గడిచాయి. ఒక శనివారం ఆమె వేరే మాట అడిగింది. కింద సూది పట్టుకుని అంతా విన్నాను.

"నాయనా, వాడు బతికే ఉన్నాడుగా? మళ్ళీ కలలో ఆ చొక్కా కనబడుతోంది. నేనే చంపుకున్నానేమో..."

"నీ చొక్కా కాదమ్మా!" ఆయన అరిచాడు. "నేను. వాళ్ళ పడవను ఓడ వెనక తాడుతో లాక్కొస్తుంటే ఓడ మునిగేలా ఉందని ఆ తాడు నేనే కోశాను. నీ కొడుకు నన్ను పేరు పెట్టి పిలిచాడు. నేను వెనక్కి చూడలేదు."



"అయితే నా చేతులు కావన్నమాట," అంది టాంసిన్. చేపల పొట్లం తిరిగి తీసుకుని మెట్లు దిగిపోయింది. మళ్ళీ రాలేదు.

"నన్ను క్షమించిందంటావా?" అని ఆయన రోజూ అడిగేవాడు. నేనేం చెప్పను? ఆ దిగులుతోనే చలికాలంలో పోయాడు. పాపం, ఎంత తిట్టుకున్నా ఆయనంటే నాకు ఇష్టమే.

తనను సముద్రంలోనే వదలమన్నాడు. తెరచాప గుడ్డలో చుట్టి నేనే కుట్టాను. రేవు నిండా జనం, నవలలో వీరుడి పేరు పెట్టి జేజేలు. టాంసిన్ కనబడలేదు. పడవ కదిలాక గట్టు మీది ఆమె ఇంటికేసి చూశాను.

వాకిట్లో తొట్టి ముందు కూర్చుని బట్టలు ఉతుకుతోంది.