గ్లోవ్స్ వేసుకో, ఓబులేసూ

2023 మార్చి. కువైట్‌లో ఎండలింకా ముదరలేదు. శుక్రవారం సెలవు కావడంతో అబ్బాసియా నుంచి మేం రెండు మూడు కుటుంబాలవాళ్లం అబూ హలీఫా సముద్రపొడ్డుకి వెళ్లాం. మాది రాజోలు దగ్గర ఊరు. ఇక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎమర్జెన్సీలో నర్సుని. పులిహోర వడ్డించబోతుంటే రాళ్లకట్ట వైపు నుంచి ఒక ఆడమనిషి కేక వినపడింది.

పరిగెత్తాను. నేను వెళ్లేసరికి ఒకతన్ని నీళ్లలోంచి లాగి ఇసకలో పడుకోబెడుతున్నారు. పేరు రెడ్డెయ్య, రాయచోటి మనిషి, కువైటీ ఇంట్లో డ్రైవరు. గాలం వేస్తూ నాచు మీద జారి సముద్రంలో పడ్డాడు. దూకి పైకి తెచ్చినవాడు స్నేహితుడు ఓబులేసు. కేక పెట్టింది రెడ్డెయ్య అక్క నాగమ్మ.

భుజం తట్టి పిలిచాను. పలుకు లేదు, ఊపిరి లేదు. మెడ దగ్గర నాడి అందలేదు. పెదవి చిట్లి రక్తం కారుతోంది. నోటినిండా నురగ, వాంతి.

"అక్కా, నువ్వు నర్సంట గదా! నా తమ్ముడు సచ్చిపోతాండాడు, ఏందో ఒకటి సెయ్యక్కా!" అని నాగమ్మ నా కాళ్లు పట్టుకుంది. నేను నర్సునని మావాళ్లెవరో చెప్పినట్టున్నారు.

"నోట్లో నోరు పెట్టి ఊదండి మేడమ్!" అని వెనకనుంచి ఎవరో.

ఆగిన గుండెని పైనుంచి నొక్కుతూ రక్తాన్ని నడిపించడమే సి.పి.ఆర్. కొన్నిసార్లు నొక్కడం ఒక్కటే చేసినా ఉపయోగం ఉంటుంది. మునిగినవాడికి మాత్రం ఊపిరి కూడా ఇవ్వాలి. అయితే ఆ నోట్లో రక్తం ఉంది. నా వెనకే వచ్చిన మా ఆయనకి అంతకుముందే కిడ్నీ మార్పిడి జరిగింది. ఆయన వాడే మందులకి ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. నేనేదైనా అంటించుకుని వెళ్తే ముందు పడిపోయేది ఆయనే. అందుకే కారులో ఎప్పుడూ గ్లోవ్స్, మాస్క్ ఉన్న ఒక సంచి ఉంచుతాను.

"ఏవండీ, డిక్కీలో ఎర్ర సంచి! త్వరగా!" అని అరిచాను. ఆయన పరుగందుకున్నారు. అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యమని ఇంకొకరికి చెప్పి, సంచి వచ్చేదాకా చేతులు కట్టుకోకుండా ఛాతీ నొక్కడం మొదలుపెట్టాను.

సంచి రాగానే గ్లోవ్స్ తొడుక్కున్నాను. రెడ్డెయ్యని పక్కకి తిప్పి నోరు శుభ్రం చేసి, పాకెట్ మాస్క్ ముఖానికి అదిమాను. అది ముక్కూ నోరూ కప్పే ప్లాస్టిక్ కప్పు. దాని వాల్వ్ మన ఊపిరిని లోపలికి పోనిస్తుంది, అవతలివాళ్ల రక్తం, ఉమ్మి మన నోటికి రానివ్వదు. ఊదగానే ఛాతీ లేచింది.

మళ్లీ నొక్కడం. కాసేపటికి నా చేతుల్లో సత్తువ తగ్గింది. ఓబులేసు ముందుకొచ్చి, "నేను నొక్కుతా, సూపించక్కా" అన్నాడు. రాళ్లకి గీరుకుని అతని వేళ్ల కణుపులు రక్తమోడుతున్నాయి.

"ముందు గ్లోవ్స్ వేసుకో, ఓబులేసూ."

"మనిషి పోతాంటే గ్లోవ్స్ ఏంటికక్కా!"

"నేను నొక్కుతూనే ఉన్నాను కదా, ఆలస్యం ఏమీ లేదు. నీ చేతికి గాయం ఉంది. వేసుకో!"

తడి చేతులకి ఎక్కించుకోలేక తిట్టుకుంటూనే వేసుకున్నాడు. అతను ముప్పైసార్లు నొక్కడం, నేను రెండుసార్లు ఊదడం. అలా ఎంతసేపు చేశామో తెలీదు. ఒక్కసారిగా రెడ్డెయ్య ఒళ్లు కదిలింది. దగ్గాడు. గ్లోవ్స్ మీదకీ, మాస్క్ మీదకీ భళ్లున కక్కాడు. పక్కకి తిప్పి మెడ మీద వేలు పెడితే నాడి కొట్టుకుంటోంది! ఓబులేసు ఇసకలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అంబులెన్స్‌లో వచ్చినతను మాస్క్ చూసి, నన్ను చూసి, "జైన్, సిస్టర్, జైన్!" అన్నాడు. బాగా చేశావని. నా ఉద్యోగంలో అందుకున్న మెప్పుల్లో ఆ ఒక్క మాటే ఇప్పటికీ చెవిలో ఉంది.

వాళ్లు వెళ్లాక గ్లోవ్స్ లోపలిది బయటికి వచ్చేలా విప్పి, కవర్లో కట్టి, సబ్బుతో చేతులు కడుక్కున్నాను. ఓబులేసు చెయ్యి కూడా కడిగించాను. రెడ్డెయ్యని లాగేటప్పుడే రక్తం తగిలి ఉండొచ్చని చెప్పి, అతను వినకపోయినా డాక్టరు దగ్గరికి పంపాను. పరీక్షల్లో ఏ జబ్బూ అంటలేదని తేలింది.

రెడ్డెయ్య కోలుకుని అక్కతో కలిసి మా ఇంటికొచ్చాడు. భోజనాల దగ్గర నాగమ్మ అంది: "ఆ పొద్దు నువ్వు సంచి కోసరం అరిస్తే నాకు కోపమొచ్చిందక్కా. నీ పానం కోసరం సూసుకుంటాండావనుకున్యా."

"నా ప్రాణం కోసమే నాగమ్మా. నేను భయపడుతూ ఊదితే నీ తమ్ముడికి సగం ఊపిరే అందేది. భయం లేదు కాబట్టి పూర్తిగా ఊదగలిగాను" అన్నాను.

మనల్ని మనం కాపాడుకోవడం స్వార్థం కాదని, అదీ వైద్యంలో భాగమేనని నేను చదువుకునేటప్పుడు విన్నాను. నిజంగా తెలిసింది మాత్రం ఆ ఒడ్డునే. ఆ రోజు నేను కాపాడింది ఒక్క రెడ్డెయ్యనే అంటారు అందరూ. నా లెక్కలో ఓబులేసు ఉన్నాడు, మా ఆయనా ఉన్నారు. అందరినీ క్షేమంగా ఇంటికి చేర్చాను. నర్సుగా అంతకంటే గర్వంగా చెప్పుకునేది నాకింకోటి లేదు.