చిలుకల స్తంభం

సాయుధ పోరాటం రోజుల్లో తరిగొప్పుల దిక్కున ఉన్న మా ఊరి దొర పట్నానికి పారిపోతే, జనం ఆయన కోటలాంటి గడిని విప్పి కలప పంచుకున్నారు. చిలుకలు చెక్కిన టేకు స్తంభం ఒకటి మా వసారాకు వచ్చింది. దాన్ని అడవి నుంచి వెట్టికి మోసుకొచ్చింది మా తాతే.

దొర పోలీసులతో తిరిగొస్తున్నాడని తెలియగానే, అమ్మ గోడలతోపాటు స్తంభానికీ ఎర్రమట్టి మెత్తింది. దొర వచ్చి సరిగ్గా దానికే ఆనుకుని, "నా కట్టె ఏడ దాసిన్రు?" అని గద్దించాడు.

"మట్టిల్లు మాది. మాకు కట్టె ఏడిది దొరా?" అంది అమ్మ.

ఆయన కదిలాక స్తంభం మీద చిలుక ముక్కు తేలింది. ఊడిన పచ్చిమట్టి ఆయన తెల్ల లాల్చీ వెనక అంటుకుంది. ఆ వీపుతోనే ఇల్లిల్లూ సోదా చేయించాడు. ఊరంతా చూసింది, ఒక్కరూ నోరు విప్పలేదు.